తెలుపూ నీలం వెనక చేతులు

మన కథల్లో, నవలల్లో అందమైన అమ్మాయిని ప్రవేశపెట్టేటప్పుడు రచయితల చేతికి సులువుగా అందే పోలికల్లో 'పింగాణీ బొమ్మ' ఒకటి. తెల్లటి ఒళ్ళు, నునుపు, గట్టిగా పట్టుకుంటే పగిలిపోతుందేమో అనిపించే సుకుమారం, ఎక్కడ పెడితే అక్కడే ఉండిపోయే గుణం. ఈ నాలుగూ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. పాఠకులు ఆగి ఆలోచించాల్సిన పని కూడా ఉండదు. కానీ బురదమళ్ళలో వంగి నాట్లేసే స్త్రీలే ఎక్కువమంది ఉన్న గోదావరి డెల్టాలో, ఎండకు కమిలిన ఒళ్ళ మధ్య, స్త్రీ అందానికి పింగాణీ కొలబద్ద ఎలా అయింది? ఈ పోలిక ఏ స్త్రీని లోపలికి రానిస్తోంది, ఏ స్త్రీని గుమ్మం బయటే నిలబెడుతోంది?

చైనాలో పుట్టిన నీలి తెలుపు పింగాణీ గురించి కళాచరిత్రకారులు చాలా రాశారు. ఏ చక్రవర్తి కాలంలో ఏ నీలం వాడారు, అడుగున ఏ ముద్ర ఉంది, ఏ వేలంలో ఎంత పలికింది వంటి విషయాలకు అక్కడ కొదవ లేదు. నా అక్కర వేరు. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి, ఈ వస్తువు చుట్టూ అల్లిన కథల్లో స్త్రీ ఎక్కడుందో చూడాలనుకుంటున్నాను. పింగాణీని 'స్వచ్ఛత'కు గుర్తుగా చేసిన ప్రతిచోటా రెండు పనులు జరిగాయని నాకనిపిస్తోంది. దాన్ని తయారుచేసిన చేతులు మాయమయ్యాయి. దాన్ని తాకకూడని చేతులు ఏవో నిర్ణయమైపోయాయి. స్త్రీవాద విమర్శ మొదటి సంగతిని కొంతవరకూ గుర్తించింది. రెండోదాని దగ్గరే ఇంకా తడబడుతోంది.

ముందు వస్తువు సంగతి. చైనాలో జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌డెజెన్ ఈ పింగాణీకి పుట్టిల్లు. అక్కడి పింగాణీ రాయినీ, కేయొలిన్ అనే తెల్లమట్టినీ కలిపి పాత్ర చేస్తారు. కాల్చకముందే దాని మీద కోబాల్టు రంగుతో బొమ్మ గీస్తారు. పైన మెరుగుపూత పూసి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. గీసేటప్పుడు ఆ రంగు మసిరంగులో ఉంటుంది, నిప్పుల్లోంచి బయటికొచ్చాకే నీలమవుతుంది. అంటే బొమ్మ గీసే మనిషికి తన చేతికింద నీలం కనబడదు. 14వ శతాబ్దంలో ఈ పని పరిపక్వానికి వచ్చినప్పుడు మేలైన కోబాల్టు పర్షియా నుంచి వచ్చేది. పెద్ద పళ్ళేలు పశ్చిమాసియా వాళ్ళు నలుగురూ కలిసి తినే అలవాటుకు తగ్గట్టు తయారయ్యేవి. లండన్‌లో ఉన్న ప్రసిద్ధమైన డేవిడ్ కూజాల మీద 1351 నాటి తేదీ ఉంది. అంతకు ఐదు శతాబ్దాల ముందే, 9వ శతాబ్దంలో ఇండోనేషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర మునిగిపోయిన అరబ్బు తరహా ఓడలో కూడా మూడు నీలి తెలుపు పళ్ళేలు దొరికాయి. 1998లో బయటపడ్డ ఆ ఓడ సరుకు చూస్తే, 'శుద్ధ చైనా కళ' అని మనం అనుకునేది మొదటి నుంచీ కలగలుపుదేనని తెలుస్తుంది. మట్టి ఒకరిది, నీలం ఇంకొకరిది, తినే అలవాటు మరొకరిది.

ఇక శ్రమ. 1637లో సోంగ్ యింగ్‌షింగ్ అనే చైనా పండితుడు చేతిపనుల మీద రాసిన గ్రంథంలో, ఒక్క పాత్ర పూర్తి కావడానికి 72 చేతులు మారాలని లెక్కగట్టాడు. 1743లో రాజుగారి బట్టీల అధికారి తాంగ్ యింగ్ ఇరవై చిత్రాలకు రాసిన వివరణలో ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. గీతలు గీసేవాళ్ళకు గీతలు గీయడమే నేర్పుతారు, రంగు నింపేవాళ్ళకు నింపడమే నేర్పుతారు. ఒకరి పని ఇంకొకరికి రానివ్వరు. అప్పుడే వెయ్యి కప్పులూ ఒకే చేత్తో గీసినట్టు కనిపిస్తాయి. కోబాల్టు నూరే పనికి ముసలివాళ్ళనూ, పిల్లలనూ, కుంటివాళ్ళనూ, జబ్బుమనుషులనూ పెట్టుకునేవారని ఆయనే రాశాడు. రోజంతా కల్వం ముందు కూర్చుని నూరేవాళ్ళకు నెలకు ఇంత అని స్వల్ప కూలి. రాత్రి పొద్దుపోయేదాకా నూరితే రెట్టింపు. మ్యూజియం అద్దాల వెనక కనబడే ఆ ప్రశాంతమైన నీలం ఈ నూరుడులోంచి వచ్చింది.

జింగ్‌డెజెన్‌లో బట్టీ దేవుడిగా పూజలందుకునే తోంగ్ బిన్ ఒక పనివాడు. 1599లో రాజుగారి కోసం పెద్ద డ్రాగన్ తొట్లు కుదరక, అధికారి పెట్టే హింస భరించలేక బట్టీలోకి దూకి చనిపోయాడని చెప్పుకుంటారు. చనిపోయినవాణ్ణి దేవుణ్ణి చేసి, ఆ తొట్లను రాజుగారి పేరుతోనే పిలుచుకున్నారు. శ్రమకు గుడి కట్టి, హక్కు మాత్రం ఇవ్వని ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు.

ఇందులో గోదావరి డెల్టాకు సంబంధమేమిటి? రాజమండ్రిలోనో, అమలాపురంలోనో మ్యూజియం నిండా మింగ్ కాలపు కూజాలు లేవు కాబట్టి సంబంధం లేదనుకోవడం పొరపాటు. 17వ శతాబ్దంలో డచ్ కంపెనీకి ద్రాక్షారామంలోనూ, పాలకొల్లులోనూ వర్తక స్థావరాలున్నాయి. తర్వాత కాకినాడ పక్కన జగన్నాథపురంలో కూడా వెలిసింది. 1824 ఒప్పందం ప్రకారం 1825లో ఇక్కడ మిగిలిన డచ్ స్థావరాలు ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలోనూ, ఇంజరంలోనూ ఇంగ్లీషువాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు. వీళ్ళందరూ ఇక్కడికి వచ్చింది బట్టల కోసం. ఇక్కడి నూలుబట్టలు బటేవియాకూ, మసాలా దీవులకూ వెళ్ళేవి. ఆ దీవుల్లో లవంగాలకూ జాజికాయకూ వెండి కంటే కోరమాండల్ బట్టలే బాగా చెల్లేవి. అదే బటేవియా రేవుకు చైనా ఓడలు పింగాణీ తెచ్చేవి. యూరప్ భోజనాల బల్ల మీదికి చేరిన నీలి తెలుపు పళ్ళెం వెనక ఉన్న ఆ వర్తకపు గొలుసులో మన డెల్టా నేతగాడి బట్ట ఒక లంకె. ఆ బట్టకు నూలు వడికింది స్త్రీలు. రాట్నం ముందు కూర్చున్న ఆ స్త్రీల పేర్లు కంపెనీ చిట్టాలకు అక్కర్లేదు. బేలుల లెక్కే వాటికి కావాలి.

మాధవాయపాలెం ఇంగ్లీషువాళ్ళ నోట 'మడపోలం' అయింది. చివరికి ఒక రకం నూలుబట్టకే ఆ పేరు స్థిరపడింది. 'చైనా' అంటే ఇంగ్లీషులో కప్పూ సాసరూ అయినట్టే. ఊరి పేరు సరుకు పేరయ్యాక ఆ ఊళ్ళో మనుషులుంటారన్న సంగతి జనం మరిచిపోతారు. పాలకొల్లు అద్దకానికి పేరుపడ్డ ఊరు. నీలిమందు తొట్టిలోంచి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలాక నీలంగా మారే బట్టకూ, మసిరంగులో లోపలికి వెళ్ళి నీలంగా బయటికొచ్చే పింగాణీకీ పనిలో చుట్టరికం ఉంది. రెండుచోట్లా నీలం కొన్నవాళ్ళ పేరుతో నిలిచింది. చేసినవాళ్ళకు మిగిలింది గోళ్ళ సందుల్లో రంగే.

మాటలు కూడా ఈ ప్రయాణాన్ని దాచుకున్నాయి. 'పింగాణీ' అన్నమాట చైనాది కాదు. గిన్నె, కప్పు అనే అర్థమున్న పారశీక పదం 'పింగాన్' నుంచి మనకొచ్చింది. అరబ్బుల 'ఫింజాన్' దాని తోబుట్టువే. ఉత్తరాదిలో ఊరగాయ జాడీని 'మర్తబాన్' అంటారు. అది బర్మాలోని మర్తబాన్ రేవు పేరు. మెరుగుపూత పూసిన పెద్ద పెద్ద జాడీలు అక్కడి నుంచి హిందూ మహాసముద్రమంతా తిరిగాయి. ఆ బర్మాకు మన కోరంగి నుంచి, తర్వాత కాకినాడ నుంచి ఓడలు నడిచేవి. 1839 తుఫానులో కోరంగి రేవు దెబ్బతిన్నా ఆ పేరు బర్మాలో బతికింది. అక్కడ కూలిపనికి వెళ్ళిన తెలుగువాళ్ళను 'కోరంగీలు' అని చిన్నచూపుతో పిలిచేవారు. 1942లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు అడవులు దాటి నడిచొచ్చినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఒక రేవు పేరు జాడీ అయి గౌరవంగా వంటింట్లో కూర్చుంటే, ఇంకో రేవు పేరు కూలిమనిషిని తిట్టే తిట్టయింది.

ఇప్పుడు సాహిత్యానికి వద్దాం. ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాళ్ళకు ఈ పాఠాలు పరిచయమే. విచర్లీ 1675 నాటి నాటకం 'ది కంట్రీ వైఫ్'లో కులీన స్త్రీలు 'చైనా' కావాలని అడుగుతుంటారు. అక్కడ చైనా అంటే పక్కగదిలో దొరికే శృంగారం. మొగుళ్ళకు అర్థం కాదు, ప్రేక్షకులు నవ్వుతారు. పోప్ 1714లో విస్తరించి ప్రచురించిన 'ది రేప్ ఆఫ్ ది లాక్'లో కన్య శీలానికి భంగం కలగడాన్నీ, చైనా జాడీకి బీట పడటాన్నీ ఒకే వరసలో పేర్చాడు. లండన్ సంపన్నుల డాంబికాన్ని వెక్కిరించాడని మాకు చెప్పారు. నిజమే. కానీ ఆ వెక్కిరింత పనిచెయ్యాలంటే శీలమూ పింగాణీ ఒకలాంటివే, ఒక్కసారి పగిలితే అతకవు అన్న నమ్మకం ముందే ఉండాలి. వ్యంగ్యం ఆ నమ్మకాన్ని కదిలించలేదు, దాని మీదే నిలబడింది.

చార్లెస్ లాంబ్ 1823లో రాసిన 'ఓల్డ్ చైనా' వ్యాసం కొంచెం వేరు. పాత పింగాణీ మీద తనకున్న ఇష్టాన్ని ఆయన దాదాపు ఆడవాళ్ళ ఇష్టంలాంటిదని చెప్పుకుంటాడు. అయితే వ్యాసంలో ఎక్కువభాగం మాట్లాడేది బ్రిజెట్ అనే స్త్రీ. ఆ పాత్ర వెనక ఉన్నది ఆయన అక్క మేరీ లాంబ్. డబ్బు లేని రోజుల్లో ఒక్కో వస్తువు కొనడానికి ఎలా లెక్కలు వేసుకునేవాళ్ళో, ఏది మానుకుని ఏది కొనుక్కున్నారో ఆమె జ్ఞాపకం చేసుకుంటుంది. కప్పు మీద బొమ్మలు చూసి మురిసే పని అతనిది, కప్పు ధర గుర్తుపెట్టుకునే పని ఆమెది. ఇంటి సరుకులతో స్త్రీకుండే సంబంధం గురించి ఇంతకంటే నిజమైన మాట ఆ పాఠాల్లో నాకు కనబడలేదు.

ఇంగ్లండులో 18వ శతాబ్దం చివర తయారైన 'విల్లో' నమూనా పళ్ళేలది మరీ విచిత్రమైన కథ. వంతెన, చెట్టు, రెండు పక్షులు ఉండే ఆ నీలిబొమ్మ ఇంగ్లీషు కంపెనీల సృష్టి. దానికి పురాతన చైనా కథ అంటూ ఒక ప్రేమకథ 1849లో ఒక ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది. తండ్రి చూసిన సంబంధం కాదని గుమాస్తాతో వెళ్ళిపోయిన కూతురు, ప్రాణాలు పోయాక పక్షులుగా మారిన ప్రేమికులు. లేని చైనా కూతురి తిరుగుబాటును కల్పించి, ఆమెను చంపి, పళ్ళేలు అమ్ముకున్నారు. తూర్పుదేశాల స్త్రీని కథలో జాలిపడటానికి వాడుకుని, ఆ జాలితోనే సరుకు అమ్మే పద్ధతి అప్పటికే తయారైపోయింది. 'పింగాణీ బొమ్మ' లాంటి పోలికలకు మన ఆధునిక వచనంలో చోటు దొరకడంలో ఈ ఇంగ్లీషు చదువుల పాత్ర ఉందని నా అనుమానం.

ఎందుకంటే మన వంటిళ్ళలోని పింగాణీ బొమ్మ కాదు, అలంకారమూ కాదు. అది జాడీ. కింద తెలుపు, భుజం దగ్గర నుంచి గోధుమరంగు, బరువైన మూత. దాని మీద నీలిగీత కూడా ఉండదు. చైనా కూజాకు ఇది దూరపు చుట్టం. కానీ ఉప్పూ పులుపూ నూనే పీల్చుకోని ఆ మెరుగుపూత గుణం ఇద్దరిదీ ఒకటే. మా అమ్మమ్మగారి ఇల్లు కోనసీమలో. ఆవకాయ రోజుల్లో జాడీలు కడిగి ఎండబెట్టడం దగ్గర నుంచి, ముక్కలు తుడిచి, పప్పునూనె పోసి కలిపి, మూడోరోజు తిరగకలిపి, వాసెన కట్టి పైకెత్తేదాకా వారం రోజుల పని. ఏడాదికి సరిపడా ఊరగాయ నిండిన పెద్ద జాడీని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుంటేగానీ కదలదు. 'తాకితే పగిలే సుకుమారం' అన్న ఊహ ఆ గదిలో ఎవరికీ వచ్చి ఉండదు. పింగాణీని మోసిన స్త్రీకి తాను పింగాణీలా ఉన్నానని అనిపించే అవకాశం లేదు.

అలాగని జాడీని స్త్రీశక్తికి చిహ్నంగా ఎత్తుకోవడానికి కూడా నేను సిద్ధంగా లేను. మాలతీ చందూర్ 'వంటలు-పిండివంటలు' ఇంటింటా చేరి కొలతలు నేర్పితే, విమల 'వంటిల్లు' కవిత ఆ కొలతల వెనక ఖర్చయిపోయిన జీవితాన్ని లెక్కగట్టింది. జాడీ మీద ఆడవాళ్ళకు పెత్తనం ఉన్నట్టే కనబడుతుంది. కానీ నెలలో కొన్ని రోజులు అదే మనిషి ఆ గది గడప తొక్కకూడదు. ముట్టుకుంటే ఊరగాయ బూజు పడుతుందంటారు. ఏ చేతులు కలిపాయో ఆ చేతులే మైల. మట్టికుండకు మైల అంటితే పారేయాలి, ఇత్తడికి అంటితే తోముకోవచ్చు. ఈ లెక్కల్లో పింగాణీది ఎటూ తేలని స్థానం. చూస్తే గాజులా ఉంటుంది, పుట్టుక మట్టిదే. అందుకే ఊరగాయకు పనికొచ్చిన పింగాణీ, భోజనం పళ్ళేనికి చాలాకాలం పాత ఆచారాల ఇళ్ళల్లో పనికిరాలేదు. పింగాణీ పళ్ళెంలో తినడం తురకల అలవాటనీ, దొరల అలవాటనీ అనేవారు.

అదే ఇంట్లో పెరటివైపు గూట్లో పిడి విరిగిన టీ కప్పు ఒకటుండేది. నీలిపువ్వుల కప్పు. ఒకప్పుడు ముందుగదిలో అతిథులకు టీ ఇచ్చిన జతలోదే. పిడి విరిగాక అది పొలం పనికొచ్చే మాలమాదిగ స్త్రీలకు టీ పోసే కప్పయింది. తాగినవాళ్ళే కడిగి బోర్లించి వెళ్ళాలి. కడిగే నీళ్ళు కూడా పైనుంచి పోసేవారు. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి పౌరహక్కుల సంఘాలూ, దళిత సంఘాలూ ఎన్నో నివేదికలు రాశాయి. ఇంటి పెరట్లోని రెండు కప్పుల పద్ధతి మీద అంత రాత లేదు. అది నడిపింది ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళు కావడం అందుకొక కారణం అనుకుంటాను.

ఈ సంగతిని సూటిగా పట్టుకున్న ఒక పాత చైనా నవలా దృశ్యం ఉంది. 18వ శతాబ్దం మధ్యలో సావ్ షుయెచిన్ రాసిన 'ఎర్రమేడ స్వప్నం' 41వ అధ్యాయం. జియా వారి మహాభవనం చూడటానికి లియు అవ్వ అనే పేద పల్లెటూరి ముసలామె వస్తుంది. ఇంటి పెద్దావిడ ఆమెను వెంటబెట్టుకుని తోటలోని ఆశ్రమానికి వెళుతుంది. అక్కడుండే మియావ్‌యు గొప్పింట్లో పుట్టి, జుట్టు తీయించుకోకుండానే సన్యాసం తీసుకున్న యువతి. పెద్దావిడకు చెంగ్‌హువా కాలపు రంగుల పింగాణీ కప్పులో టీ ఇస్తుంది. 15వ శతాబ్దపు కప్పు. పూత కింద నీలంతో అంచులు గీసి పైన రంగులు నింపే ఆ కాలపు పింగాణీ అప్పటికే అపురూపం. పెద్దావిడ సగం తాగి మిగతాది లియు అవ్వ చేతికిస్తుంది. అవ్వ గడగడా తాగేస్తుంది. తర్వాత ఆ కప్పును లోపలికి తేవద్దు, బయటే వదిలేయమని మియావ్‌యు చెబుతుంది. పిల్లవాడు బావ్‌యు, పారేసే బదులు ఆ పేదరాలికే ఇవ్వొచ్చు కదా, అమ్ముకుని బతుకుతుందంటాడు. తను ఎప్పుడూ తాగని కప్పు కాబట్టి సరేనంటుంది మియావ్‌యు. తాగి ఉంటే పగలగొట్టేదాన్నే కానీ ఇచ్చేదాన్ని కాదంటుంది. నేల కడగడానికి నీళ్ళు పంపిస్తానంటాడు బావ్‌యు. మంచిదే, కానీ తెచ్చేవాళ్ళను బిందెలు వాకిలి బయట గోడపక్కన పెట్టి పొమ్మను, లోపలికి రావద్దు అంటుంది ఆమె.

ఈ దృశ్యం చదివినప్పుడల్లా అది మన పెరట్లో జరిగినట్టే ఉంటుంది. ఇక్కడ మైలను పాటిస్తున్నది రాజు కాదు, పురోహితుడు కాదు. ఒక స్త్రీ. ఆమె కూడా ఆ ఇంటి దయ మీద బతుకుతున్న స్త్రీయే. తన స్వచ్ఛత తప్ప సొంతమని చెప్పుకోడానికి ఆమెకు ఇంకేమీ లేదు. ఆ స్వచ్ఛతను నిలబెట్టుకోడానికి ఇంకో పేద స్త్రీ నోటిని అశుద్ధం చెయ్యాలి. శుభ్రత కోరుకున్న ఈమె చివరికి బురదలోనే పడుతుందని నవల 5వ అధ్యాయంలోనే సూచిస్తుంది. సావ్ షుయెచిన్ మియావ్‌యును దుర్మార్గురాలిగా చూపించడు. లియు అవ్వను దీనురాలిగానూ చూపించడు. ఆమె తమాషాగా మాట్లాడుతుంది, ఇంటి పెద్దలను నవ్విస్తుంది, తనకు కావలసింది తీసుకుని వెళుతుంది. ఈ ఇద్దరినీ ఒకే కప్పు పక్కన నిలబెట్టడమే ఆయన చేసిన గొప్ప పని. పోప్ కవితలో పింగాణీ ఒక స్త్రీకి ఉపమానం. ఈ నవలలో పింగాణీ ఇద్దరు స్త్రీల మధ్య గోడ.

వస్తువును ఇలా చదవడం మన స్త్రీవాదానికి తెలియనిది కాదు. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' రాసినప్పుడు పైట స్త్రీ శరీరం మీద వేసిన కాపలాగా అర్థమైంది. జూపాక సుభద్ర 'కొంగు' వచ్చాక అదే గుడ్డ పనిచేసే దళిత స్త్రీకి చెమట తుడుచుకునే నేస్తమనీ, రోజంతా పనిలో తోడనీ తెలిసింది. ఒక కవిత రెండోదాన్ని కొట్టేయదు. కానీ రెండోది చదివాక మొదటిది మునుపటిలా చదవలేం. ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' 1993లో వచ్చింది. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' 2003లో వచ్చింది. ఆ పదేళ్ళలో మన సాహిత్యం నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఇదే: 'స్త్రీ' అన్నప్పుడు ఏ స్త్రీ అని అడగడం. వంటింటి వస్తువుల దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠాన్ని మనం పూర్తిగా వాడటం లేదు. అమ్మమ్మల జాడీల మీద వచ్చే జ్ఞాపక వ్యాసాల్లో మామిడికాయ వాసన ఉంటుంది, పెరటి గూట్లోని కప్పు ఉండదు.

రాజమండ్రిలో పుట్టిన అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథను ఈ వెలుగులో ఇంకోసారి చదవాలనిపిస్తుంది. కుండీలో కత్తిరించి పెంచిన మొక్కను అక్క స్త్రీ బతుకుతో పోల్చడం, తుఫానుకు బోన్‌సాయ్‌ను లోపలికి తెచ్చుకోవాల్సి వస్తే బయటి చెట్టు నలుగురికీ నీడ కావడం మనందరికీ తెలుసు. విమర్శ ఎక్కువగా మొక్క గురించే మాట్లాడింది. కుండీ గురించి తక్కువ. ఆ కుండీ ఎవరు చేశారు, ఎవరు కొన్నారు, ఎవరి వరండాకు అందం కోసం? కథలో బోన్‌సాయ్ పెంచుతున్నది కూడా ఒక స్త్రీయే అన్న సంగతిని ఛాయాదేవి ఊరికే పెట్టలేదు. తూర్పుదేశాల నుంచి వచ్చిన ఒక అలంకార కళ మధ్యతరగతి స్త్రీ చేతుల్లో ఆమెకే అద్దం అవుతుంది. మన కథల్లో వస్తువును అలంకారంగా కాక వాదంగా వాడిన మంచి ఉదాహరణల్లో ఇదొకటి.

ఇక పేర్ల సంగతి. కుమ్మరి చక్రం మీద స్త్రీ చెయ్యి పెట్టకూడదన్నది మన దేశంలో చాలాచోట్ల ఆచారం. మట్టి తవ్వి తేవడం, తొక్కడం, కుండలు ఆరబెట్టడం, నెత్తిన పెట్టుకుని అమ్మడం మాత్రం ఆమె పనే. సంప్రదాయం కుమ్మరింటి పిల్లగా చెప్పే మొల్ల రామాయణం రాసి పేరు నిలుపుకుంది. ఆమె జాతి స్త్రీలు చేసిన కుండల మీద పేర్లు లేవు. చైనా పింగాణీ చరిత్రలో స్త్రీ పేరు కనబడే అరుదైన పళ్ళెం ఒకటుంది. 15వ శతాబ్దం మొదట్లో తయారైన ద్రాక్షగుత్తుల నీలిపళ్ళెం. దాని మీద ఇరాన్ రాకుమారి మహీన్ బాను ముద్ర చెక్కి ఉంది. ఆమె షా తహ్మాస్ప్ చెల్లెలు. అన్న ఆమెకు పెళ్ళి చెయ్యలేదు. తన పింగాణీని మష్హద్ దర్గాకు దానంగా రాసింది. 1562లో చనిపోయింది. అదే పళ్ళెం మీద తర్వాత షాజహాన్ పేరూ చేరింది. 2015లో న్యూయార్క్‌లో వేలం వేశారు. చేసినవాళ్ళ పేరు లేని పళ్ళెం మీద ఒక ఒంటరి స్త్రీ తన పేరు చెక్కించుకుంది. మన ఇళ్ళల్లో స్టీలు గిన్నెల మీద పేర్లు వేయించే అలవాటు గుర్తు చేసుకోండి. పుట్టింటివాళ్ళు సారెలో పెట్టిన గిన్నె మీద కూడా చాలాసార్లు ఉండేది తండ్రి పేరో, భర్త పేరో. జాడీ మీద ఎవరి పేరూ వేయించరు. అది ఇంటిది. ఆస్తి పంపకాల కాగితాల్లోనూ అది కనబడదు.

అందుకే మన పరిశోధనకు ఇక్కడ చాలా పని ఉంది. కంపెనీ చిట్టాల్లో నూలు వడికినవాళ్ళ జాడ వెతకాలి. సారె జాబితాల్లో వస్తువులు ఎవరివిగా రాశారో చూడాలి. వంటిళ్ళ జ్ఞాపకాలు అడిగేటప్పుడు ఇంటావిడనే కాక, పెరట్లో కప్పు బోర్లించి వెళ్ళిన ఆమెను కూడా అడగాలి. ఆమెను అడగకపోతే ఆ వంటింటి చరిత్ర సగమే. అది కూడా మెరుగుపూత పూసిన సగం. పింగాణీ బొమ్మ అన్న పోలికను రాసేవాళ్ళు మానేస్తే సంతోషం. మానకపోయినా చదివేవాళ్ళం ఊరుకోవద్దు. ఆ బొమ్మను ఎవరు చేశారు, అది ఎవరింట్లో ఉంది, దాని మీద దుమ్ము తుడిచే మనిషికి ఏ కప్పులో టీ ఇస్తున్నారు అని అడుగుదాం.